బోర్డు మీద మొదటి పేరు

మాతృభాషా దినోత్సవానికి మా యూనివర్సిటీ హాల్లో నల్లకోటు వేసుకున్న ఒక బెంగాలీ వకీలు ఫోటో పెట్టారు. చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు తార్నాకలో మా పక్కింటి బెంగాలీ ప్రొఫెసర్ గారి గోడ మీద ఈ ఫోటోయే ఉండేది.

"గీయన ఎవరు సార్?" అని ఒకరోజు అడిగాను.

"దేశ విభజన తర్వాత, సరిహద్దు అవతలి చట్టసభలో మా బెంగాలీకీ గుర్తింపు కావాలని లేచి అడిగిన మనిషి. చాలా ఏళ్ల తర్వాత ఆ దేశపు సైనికులే ఇంటికొచ్చి తీసుకుపోయారు. మళ్లీ రాలేదు" అన్నారాయన.

ఆ రోజే మా ఇంగ్లీషు మీడియం బళ్లో, తెలుగు మాట్లాడినవాళ్ల పేర్లు క్లాస్ లీడర్ బోర్డు మీద రాసింది. మొదటి పేరు నాదే. ఆ పేర్లు సైనికులకు పంపుతారనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో తెలుగు మానేశాను. అమ్మ "అన్నం తింటవా బిడ్డా?" అంటే, వీధి తలుపు వైపు చూస్తూ "యెస్ మమ్మీ" అనేవాణ్ణి.

అమ్మ మురిసిపోయింది. "మావోడు ఇంట్ల గూడ ఇంగ్లీషే మాట్లాడుతున్నడు" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పింది.

వారమైనా సైనికులెవరూ రాకపోయేసరికి నా భయం పోయింది, మళ్లీ తెలుగులో పడ్డాను. అమ్మ మాత్రం ఆ వారం సంగతి చుట్టాలకు ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. అది తెలివి కాదనీ, భయమనీ నేనింతవరకు ఆమెకు చెప్పలేదు.