ఫోన్ చేస్తే తిరిగే మోటారు

కొత్త వస్తువు కనపడితే నాకు చేతులు ఊరుకోవు. మా అమ్మ రోట్లో పచ్చడి నూరుతూ ఉండగానే పక్కన మిక్సీ తెచ్చి పెట్టినదాన్ని నేను. అలాంటిది, పొలంలో మోటారు ఫోన్ చేస్తే తిరుగుతుందని విన్నాక ఆగుతానా? జగ్గయ్యపేటలో కొట్టు వెతుక్కుంటూ పోయి ఆ పెట్టె కొన్నాను. బిగించే అతన్ని వెంటబెట్టుకుని తిన్నగా నాన్న చేలో దిగాను.

ఇదంతా నా సరదా కోసమే అనుకునేరు. ఒకప్పుడు మాకు కరెంటు అర్ధరాత్రి వచ్చేది. నాన్న టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచిపోయి మోటారు వేసి వచ్చేవాడు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ గడప దగ్గర నుంచి లేచేది కాదు. తడి చేత్తో స్టార్టరు ముట్టుకుని పోయినవాళ్ళు, గట్టు మీద పాము కరిచి పోయినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. ఇప్పుడు కరెంటు పగలే ఇస్తున్నారు గాని నాన్న మోకాళ్ళు మునుపటిలా లేవు. నేను పెళ్ళయి నందిగామలో ఉంటున్నా నా ప్రాణం మాత్రం ఆ గట్ల మీదే ఉండేది.

మొదటిసారి నాన్న అరుగు మీద కూర్చుని ఆ పెట్టెలో వేసిన సిమ్ నంబరుకి ఫోన్ చేశాడు. "కరెంటు ఉంది. మోటారు వేయడానికి ఒకటి నొక్కండి" అని ఆడగొంతు తెలుగులో చెప్పింది. నొక్కాడు. "మోటారు నడుస్తోంది" అంది. ఆయన ఆ మాట నమ్మలేదు. బండేసుకుని పొలం పోయి కళ్ళారా చూసి వచ్చాడు.

"నిజంగానే పోస్తందే" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇక కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పొద్దున లేస్తే మోటారుకి ఫోను, కాఫీ తాగితే మోటారుకి ఫోను. "నేను నందిగామ ఆస్పత్రిలో పడుంటే ఇన్నిసార్లు ఫోన్ చెయ్యలేదు ఈ మనిషి" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

చుట్టుపక్కల మోటార్లన్నిటికీ అలాంటి పెట్టెలు వచ్చేశాయి. ఇదివరకు కరెంటు వేళకి గట్టుకొకరు కనపడేవారు. ఎవరి గేదె ఈనింది, ఎవరి చేనుకి పురుగు పట్టింది, అన్నీ అక్కడే తెలిసేవి. ఇప్పుడు మోటార్లు నడుస్తాయి, మనుషులుండరు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నాన్న క్షేమంగా ఇంట్లో ఉన్నాడు, నాకంతే చాలు.

ఆ ఏడు మిరపకాయ కోతల్లో మావారి వైపు వాళ్ళ పెళ్ళి వచ్చింది, నందిగామలోనే. మా పక్క చేను కౌలుకి చేసే భార్యాభర్తలు అప్పటికే కాయ కోయించి, మా బోరుకి దిగువన ఉన్న గట్టినేల మీద ఆరబోసుకున్నారు. కళ్ళం నిండా ఎర్రగా కాయ. సొంతానికి సెంటు భూమి లేనివాళ్ళు. ఏడాది పొడుగునా పడ్డ కష్టం మొత్తం ఆ నేల మీదే ఉంది. కాయ బాగా ఎండింది, ఇక సంచులకెత్తి అమ్మకానికి పంపడమే మిగిలింది. తడిసిందా, రంగు పోతుంది. రంగు పోయిన కాయని ఎవరూ కన్నెత్తి చూడరు.

పెళ్ళి భోజనాల్లో నాన్న పక్కన రెడ్డిగూడెం నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. మాటల్లో మోటారు సంగతి వచ్చింది. ఆయన నమ్మలేదు.

"ఇక్కడ్నుంచి మీ చేలో మోటారు తిరుగుద్దా? చెప్పేవాడికి వినేవాడు లోకువండి" అన్నాడు.

"చూస్తా ఉండండి" అని నాన్న ఎడంచేత్తో ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, ఒకటి నొక్కాడు. "మోటారు నడుస్తోంది" అంది ఆడగొంతు. వరసలో వాళ్ళంతా తినడం ఆపి చూశారు. ఆ పెట్టె కొన్నది నేనేనని ఎదురు వరసలో వాళ్ళకి కూడా వినపడేలా చెప్పాను.

పెరుగన్నంలోకి వచ్చేసరికి అమ్మ ఫోన్ మోగింది. కౌలుదారు భార్య.

"వదినా, మీ పైపు ఊడిపోయింది. నీళ్ళన్నీ మా కళ్ళం మీదకి వస్తన్నాయి. మోటారు ఆపమను. ఆయన సంచులకని జగ్గయ్యపేట పోయాడు, నేనొక్కదాన్నే ఉన్నా."

స్టార్టరున్న గదికి తాళం. తీగల దొంగల భయానికి వేసింది. తాళంచెవి నాన్న మొలతాడుకే ఉంది. చుట్టుపక్కల చేలల్లో పిలిస్తే పలికే మనిషి లేడు.

ఎంగిలి చేత్తోనే నాన్న ఫోన్ చేశాడు. నేనూ చేశాను. మావారు చేశారు. చేతులు కడుక్కోవడానికి పోయిన తమ్ముడికి సంగతి తెలిసి అక్కణ్ణుంచే చేశాడు. ఆ పెట్టెలో మా నలుగురి నంబర్లే ఎక్కించి ఉన్నాయి, వేరే ఎవరు చేసినా పలకదు. నలుగురం ఒక్కసారే చేస్తుంటే ఎవరికి దొరుకుతుంది? ఒకరిది కలిసి, నొక్కేలోపు కట్టయిపోయింది. మిగతావాళ్ళకి "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి వేరొకరితో మాట్లాడుతున్నారు" అని వస్తోంది. మళ్ళీ నలుగురం చేస్తున్నాం. అవతల నీళ్ళు పోతూనే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అందరూ ఫోన్లు కింద పెట్టండి. నాన్న ఒక్కడే చేస్తాడు" అని అరిచాను. సన్నాయి కూడా ఆగిపోయినట్టుంది. నాన్న చేశాడు, రెండు నొక్కాడు. "మోటారు ఆగింది" అంది ఆ గొంతు, ఏమీ జరగనట్టే.

పెళ్ళివాళ్ళకి చెప్పకుండానే కారెక్కాం. కళ్ళం దగ్గరికి వెళ్ళేసరికి ఆమె మోకాళ్ళదాకా బురదలో ఉంది. పారతో అడ్డంగా కట్ట వేసి నీళ్ళని పక్కకి మళ్ళించింది. పైవైపు కాయ బతికింది. దిగువన కొంత మేర కాయ నీళ్ళలో తేలుతోంది.

"తడిసినంతా నాదేనమ్మా. మా కాయలో నుంచి ఇస్తా" అన్నాడు నాన్న.

"కాయ సంగతి తర్వాత మాట్లాడదాం అన్నయ్యా. ముందు ఆ పెట్టెలో నా నంబరు ఎక్కించు. నీళ్ళొచ్చేది నా మీదకి. ఆపే ఫోన్లన్నీ మీ ఇంట్లో ఉంటే ఎట్టా?"

నాన్న మొలతాడుకున్న తాళంచెవి తడుముకున్నాడు. మా వైపు బోరు మీద పెత్తనం అన్నదమ్ములకే ఇవ్వరు. పైగా గట్టు దగ్గర మాకూ వాళ్ళకీ ఇదివరకు మాటామాటా వచ్చింది. రేపు కోపమొచ్చి మోటారు ఆపేస్తే? ఆయన మనసులో అదే ఉందని నాకు తెలుసు. నాకైతే ఆమె అడిగినదానిలో తప్పేమీ కనపడలేదు. అలాంటి పెట్టె కొన్న రోజే ఈ ఆలోచన రావాల్సింది, మాలో ఒక్కరికీ రాలేదు.

నాన్న కాసేపు కళ్ళం వైపు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఎక్కించవే."

ఎక్కించాను. తమ్ముడు పైపు బిగించాడు. నాన్న మోటారు వేశాడు. చేలో నీళ్ళు దూకుతుండగా ఆమెని ఫోన్ చెయ్యమన్నాం. బురద వేలికి ఫోన్ పలకలేదు. చీరకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. పైపు మూతి దగ్గర ధార సన్నబడి, ఆగిపోయింది.

ఆమె ఫోన్ వైపు, పైపు వైపు మార్చి మార్చి చూసింది.

"ఇంతేనా? దీనికేనా ఇందాకటిదాకా రాయి పెట్టి మీ తాళం పగలగొడతా కూర్చున్నా?" అంది.

అప్పుడు చూశాను ఆమె అరచెయ్యి. రాయి పట్టుకున్న చోట చర్మం లేచిపోయి నెత్తురు చెమ్మగా ఉంది. ఆ చేత్తోనే తడిసిన మిరపకాయలు ఏరడానికి వంగబోయింది. అమ్మ గబగబా పోయి ఆ చెయ్యి పట్టుకుంది.