నూట డెబ్బై ఎనిమిది డిగ్రీల సాయిలు

మా ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంటులో చేరిన ప్రతి విద్యార్థీ మొట్టమొదట కొలవాల్సింది సాయిలన్న కుడి భుజాన్ని. సాయిలన్న అక్కడ అటెండరు. చొక్కా విప్పి బల్ల మీద వెల్లకిలా పడుకుని, చేతిని నెమ్మదిగా తల మీదికి ఎత్తేవాడు. కోణాలు కొలిచే స్కేలును భుజానికి ఆనించి చూస్తే నూట డెబ్బై ఎనిమిది డిగ్రీలు రావాలి. వస్తే నీ చేయి కుదిరిందని హెడ్ సార్ రికార్డు మీద సంతకం పెట్టేవాడు. రాకపోతే వచ్చేదాకా కొలవాలి. నాకు రెండోసారికే వచ్చింది. ఎందుకంటే మొదటిసారి తర్వాత సీనియర్లు నాకు ఆ అంకె చెప్పారు.

ఆ కాలేజీ పేరు రాయను. భయపడి కాదు. పేరు రాస్తే అలాంటి పని ఆ ఒక్క కాలేజీలోనే జరుగుతుందని మీరు అనుకుంటారు. జనగామ దాటాక హైవే పక్కన ఉండేది, ఒక యూనివర్సిటీ కిందిది. అంతవరకు తెలిస్తే చాలు.

డిపార్ట్‌మెంటు గుమ్మం పక్కన ఒక బోర్డు ఉండేది. దాని మీద ఏ టీచరుకు ఏ పరిశోధన మీద ఆసక్తో రాసి ఉండేది. లత మేడం ఆసక్తి పత్తి ఏరే ఆడవాళ్ల నడుములు. ఇంకో సార్ ఆసక్తి నాట్లేసే వాళ్ల మోకాళ్లు. హెడ్ సార్ ఆసక్తి వీటన్నిటికంటే పెద్దది. పుస్తకాల్లో ఉన్న కీళ్ల కొలతలన్నీ తెల్లవాళ్లవి, మన మనుషులకు మన కొలతలు ఉండాలి అనేవాడు. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులు. ‘మన’ అన్న మాట వింటే చాలు మేం చప్పట్లు కొట్టేవాళ్లం. పెద్దవంగర దగ్గరి తండా నుంచి వచ్చిన నేనైతే అందరికంటే గట్టిగా కొట్టాను. ఆ మనలో సాయిలన్న ఎక్కడున్నాడో నేనప్పుడు ఆలోచించలేదు.

సాయిలన్నది పాలకుర్తి పక్క ఊరు. వయసులో జనగామ మార్కెట్ యార్డులో బస్తాలు మోశాడు. తర్వాత కాంట్రాక్టర్ ద్వారా మా దగ్గరికి వచ్చాడు. వచ్చిన కొత్తలో హెడ్ సార్ సరదాగా అతని కీళ్లన్నీ కొలిచాడట. ఎక్కడా వంక దొరకలేదట. అప్పటి నుంచి రిజిస్టరులో అతని పేరు పక్కన ‘నార్మల్’ అని ఎక్కింది. ఎనిమిదేళ్లుగా ఎవరి పరిశోధన అయినా అతని ఒంటితోనే మొదలయ్యేది. తన ఒళ్లు సార్ల పుస్తకంలో ఉందని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటే, పుస్తకంలోకి ఎక్కిన ఒళ్లు కట్టెలు కొట్టదా అని భార్య పుష్పమ్మ గొడ్డలి చేతికిచ్చిందట. ఆ మాట చెప్పి తనే ఎక్కువ నవ్వేవాడు.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. నాకు ఆఖరి ఏడు. పర్మినెంటు వాళ్లంతా సమ్మెలోకి వెళ్లారు. కాలేజీ గేటుకు విద్యార్థి జేఏసీ వాళ్లు తాళం వేసి ఎదురుగా శిబిరం పెట్టారు. బస్సులు ఆగిపోయాయి. హాస్టలు కూడా ఆ ఆవరణలోనే ఉండటంతో ఊరికి పోలేని మేం నలుగురం అందులోనే మిగిలాం. పక్కనున్న చిన్న గేటు నుంచి వచ్చి పోయేవాళ్లం.

సాయిలన్న మాత్రం ఎటూ పోయేందుకు లేదు. సమ్మె పర్మినెంటు వాళ్లకే గానీ కాంట్రాక్టు వాళ్లకు కాదని కాంట్రాక్టర్ ముందే చెప్పేశాడు. రోజూ రెండుసార్లు ఆఫీసు ఫోనుకు ఫోన్ చేసేవాడు. ఏ వేళకు చేస్తాడో తెలియదు. సాయిలన్నే ఎత్తాలి. ఎత్తకపోతే పనిలో లేనట్టే. అందుకని చికిత్స బల్ల మీదే పడుకుని, స్టవ్వు మీద అన్నం వండుకుని, ఫోను వినపడే దూరంలో తిరుగుతూ ఉండేవాడు. బయటికి అడుగు పెడితే శిబిరంలో వాళ్ల ఊరి నగేష్ చూస్తాడు. ఊరంతా రోడ్డెక్కితే సాయిలు తాళం లోపల కాపలా ఉన్నాడని పాలకుర్తి దాకా చెప్తాడు. రాష్ట్రం వస్తే కాంట్రాక్టు బతుకులు పోతాయని అందరికంటే ఎక్కువ ఆశపడ్డది సాయిలన్నే. అతనే ఆ తలుపు వెనక ఉండాల్సి వచ్చింది.

రెండో వారంలో ఒకరోజు నా ప్రాజెక్టు కాగితాల కోసం డిపార్ట్‌మెంటుకు వెళ్లాను. బయట నినాదాలు ఇస్తున్నారు. సాయిలన్న కిటికీ వెనక, ఎవరికీ కనబడకుండా గోడకు ఆనుకుని, ప్రతి జై తెలంగాణకూ పెదవులు కదిలిస్తూ పిడికిలి ఎత్తుతున్నాడు. ఎత్తుతున్నది ఎడమ చేయి. కాసేపటికి కుడి చేయి ఎత్తబోయాడు. అది చెవి దాకా కూడా పోలేదు. మొహం ముడుచుకుని దాన్ని మెల్లగా ఎడమ చేత్తో కిందికి దించుకున్నాడు.

నేను బల్ల మీద పడుకోబెట్టి కొలిచాను. నూట పది. భుజం పట్టేసి ఏడాది దాటిందట. మరి ఆ ఏడాదంతా పిల్లలకు నూట డెబ్బై ఎనిమిది ఎట్లా వచ్చిందని అడిగాను.

“బల్ల మీద నడుము లేపుత బిడ్డా. నడుము లేస్తే చెయ్యి లేసినట్టు కనవడ్తది. మీ సార్లు చెప్పంగ వాకిట్ల కూసోని ఇన్నదే. ఇంక మిగిలింది మీరే రాసుకుంటరు.”

నేనూ అలా రాసుకున్నదాన్నే. జవాబు ముందే తెలిసినప్పుడు ఎదురుగా ఉన్న చేతిని ఎవరు చూస్తారు? ఎనిమిది చికిత్స బల్లలు, వేడి కాపడం పెట్టెలు, గోడకు కప్పీలు, తాళ్లు. రోజూ వాటిని తుడిచే మనిషి తన నొప్పిని వాటి మధ్యనే దాచుకున్నాడు. కోపం వచ్చింది, అతని మీద కూడా. సార్‌కు ఎందుకు చెప్పలేదని అరిచాను.

“రాజయ్య నడుము నొస్తుందన్నందుకే ఒకటో తారీఖు నుంచి రావద్దన్నరు. నన్ను పెట్టుకున్నదే మంచిగున్నోడని. మంచిగ లేనని తెలిసినంక నాతోటి ఏం పని? నువ్వు ఎవ్వల్కి చెప్పకు బిడ్డా.”

రాజయ్య అతనికంటే ముందున్న అటెండరు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ రోజు నుంచే వైద్యం మొదలుపెట్టాను. పొద్దున వేడి కాపడం. తర్వాత బల్ల మీదికి వంగి, నీళ్లు నింపిన సీసా పట్టుకుని చేతిని ఊపడం. గోడ మీద వేళ్లతో పైకి పాకించి, అందినచోట పెన్సిలు గీత పెట్టడం. చివరికి నేను చేతిని పట్టుకుని సాగదీసేదాన్ని. నడుము లేస్తే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. దొంగ అలవాటు మానితేనే భుజం తెరుచుకుంటుందని రోజూ తిట్టేదాన్ని. నొప్పికి కళ్ల నీళ్లు కారుతున్నా నడుము బల్లకు అంటించి పెట్టడం నేర్చుకున్నాడు. మధ్యలో ఫోను మోగితే అలాగే లేచి ఉరికేవాడు.

బతుకమ్మ పండుగ రోజుల్లో పుష్పమ్మ ఊరి ఆడవాళ్లతో ట్రాక్టరులో జనగామ ర్యాలీకి వచ్చింది. అటునుంచి మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ పూట ఇంకా కాంట్రాక్టర్ ఫోను రాలేదు. సాయిలన్న కిటికీ దాకా వచ్చి ఆగిపోయాడు. నేను చిన్న గేటు నుంచి వెళ్లాను. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల డబ్బా నా చేతికిచ్చి, ఊరోళ్లు అడిగితే మనిషి యాడున్నడని చెప్పాలో జర మీ అన్ననే అడుగు అంది. ఆ మాట నేను అతనికి చెప్పలేదు. అడగకుండానే అతను ఆ పూట ముద్దలు ముట్టలేదు.

నలభై రెండో రోజున సమ్మె ఆగింది. అప్పటికి భుజం నూట నలభై రెండుకు వచ్చింది. తల దువ్వుకోగలుగుతున్నాడు. ఇంకో ఆరు వారాలు చేస్తే దాదాపు మామూలు మనిషి అవుతాడు. నాలుగేళ్ల చదువులో నేను నిజంగా చేసిన మొదటి వైద్యం అదే. ఆ గర్వం నన్ను నిలవనీయలేదు.

కాలేజీ తెరిచిన వారానికి హెడ్ సార్ తన పరిశోధన కోసం కొత్త బ్యాచ్ చేత సాయిలన్నను కొలిపించాడు. ఈసారి రిజిస్టరు సొరుగులో పెట్టి తాళం వేశాడు. అంకె తెలియకుండా కొలిచి చీటీల మీద రాయాలన్నాడు. సీనియర్లను కూడా దగ్గరికి రానీయలేదు. సాయిలన్న పడుకుని చేయి ఎత్తాడు. నడుము బల్లకు అంటుకునే ఉంది, నేను నేర్పినట్టే. చీటీలు వచ్చాయి. నూట నలభై రెండు, నూట నలభై, నూట నలభై మూడు. సార్ ఒక్కో చీటీ చదివి కింద పడేస్తూ, ఉద్యమాల్లో తిరిగి మీ చేతులు పాడైపోయాయి, ఒక్కడికీ స్కేలు పట్టుకోవడం రాదు అని తిట్టసాగాడు. ఒక పిల్లకు కళ్ల నీళ్లు తిరిగాయి. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మాటిచ్చిన సంగతి గుర్తుంది. అయినా నోరు ఆగలేదు.

“చేతులు మంచిగనే ఉన్నయి సార్. భుజమే మంచిగ లేదు.”

సాయిలన్న చేయి ఇంకా గాలిలోనే ఉంది. తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

హెడ్ సార్ తిట్టలేదు. దగ్గరికి వచ్చి భుజం పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సాయిలన్న మూలిగాడు. సార్ మొహం విప్పారింది. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది అన్నాడు. వైద్యం ఎవరు చేస్తున్నారని అడిగితే నేనేనని చెప్పాను, మెచ్చుకుంటాడనుకుని. వెంటనే ఆపేయమన్నాడు. పట్టేసిన భుజం దొరక్క ఏటా ప్రాక్టికల్ పరీక్షలకు అవస్థ పడుతున్నామని, ఇంట్లో కేసు పెట్టుకుని ఊళ్లు తిరిగామని నవ్వాడు. మరి ఆయన ఉద్యోగం సార్ అని అడిగాను.

“ఎవరు తీసేస్తారమ్మా, ఇప్పుడే కదా అవసరం. భుజం బాగైపోతే అప్పుడు చూద్దాం.”

అంతే. సాయిలన్న ఉద్యోగం నిలిచింది. నార్మల్ మనిషిగా కొలవడానికి కాంట్రాక్టర్ ఇంకొకరిని పంపాడు. రిజిస్టరులో సాయిలన్న పేరు ముందున్న నార్మల్ పేజీలోంచి వెనకున్న కేసుల పేజీకి మారింది.

హాస్టలు వైపు రమ్మని, ఎవరికీ తెలియకుండా వైద్యం చేస్తానని రెండుసార్లు అడిగాను. మంచిగైతే తనను పంపేస్తారని, చేతి కోసం పని పోగొట్టుకోలేనని అన్నాడు. నేను మూడోసారి అడగలేదు. నా ప్రాజెక్టు మీద హెడ్ సార్ సంతకం ఇంకా పడలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. చలికాలం గడిచేసరికి సాయిలన్న తల దువ్వుకోవడం మళ్లీ ఎడమ చేతికి మారింది.

ఎండాకాలం పరీక్షల్లో నాకు చీటీలో వచ్చిన కేసు సాయిలన్నే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దమనిషి, మంచివాడు. మూడుసార్లు కొలిచి నూట ఎనిమిది అని చెప్పాను. ఏం వైద్యం చేస్తావని అడిగితే వేడి కాపడం నుంచి గోడ మీద పెన్సిలు గీత దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఎన్నాళ్లలో నయమవుతుందన్నాడు. మూడు నెలల్లో సార్ అన్నాను. ఇంత బాగా చెప్పిన విద్యార్థిని ఈ ఏడు చూడలేదని మెచ్చుకుని, మార్కులు వేసి, పక్క బల్ల దగ్గరికి వెళ్లాడు.

నేను సాయిలన్న భుజం మీద తుండుగుడ్డ కప్పాను.

“ఎంతొచ్చింది బిడ్డా?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“నూట ఎనిమిది అన్నా.”

“పోయిన నెల నూట పన్నెండు ఉండె గదా. అయితే వచ్చే ఏడుదాంక ఫికర్ లేదు.”

నిజంగానే అతని మొహం తేలికపడింది. తర్వాతి నంబరు పిలిచారు. సాయిలన్న తుండుగుడ్డ తీసి పక్కన పెట్టి, మళ్లీ వెల్లకిలా పడుకున్నాడు.