పడవలో నా పేరుకు పలికినవాడు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. భూమి కింద చీకట్లో బొగ్గు ఎత్తే పని నాది. పాత గనిలో ఎవరో ఏడ్చారని, ఎవరో పిలిచారని తోటివాళ్లు చెప్తుంటే నవ్వి, వాళ్ల దగ్గరే బీడీ అడిగి కాల్చుకునేవాణ్ని. ఇప్పుడైనా నమ్ముతానని అనను. జరిగింది మాత్రం చెప్తాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. గోదావరిఖనిలో నేనూ పోశం జోడీ. ఇద్దరం కలిసి పట్టాల మీది ఒకే టబ్బులో బొగ్గు నింపేవాళ్లం. ఒకసారి పైకప్పు రాలి నా కాలు ఇరుక్కుంటే అందరూ పరుగెత్తారు, వాడొక్కడే ఆగి నన్ను లాగాడు. అప్పటి నుంచి వాడు నాకు సొంత తమ్ముడే.

గనిలో మాకో పద్ధతి ఉండేది. బొగ్గు పేల్చే ముందు అందరూ వెనక్కి వచ్చాక మా మీద పెద్ద, సర్దారు, పేరుపేరునా పిలుస్తాడు. "ఉన్న" అనాలి. తలమీది లైటు ఎదుటివాడి కళ్లలో కొట్టకూడదు కాబట్టి ఎవరూ మొహమెత్తి చూడరు. గొంతు వినబడిందంటే మనిషి ఉన్నట్టే లెక్క.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం సర్దారుతో సహా మా షిఫ్టువాళ్లం గోదావరి నడుమ ఉన్న దీవికి పడవలో వెళ్లాం. చెట్లు, నెమళ్లు, కూర్చోవడానికి రాతి బల్లలు. దాన్ని మేం పార్కు అనేవాళ్లం. రోజూ మసి మొహాలు చూసుకునే మాకు ఆ పచ్చదనమే పండగ. కోడికూర వండుకుని తిన్నాం. నేను దీవి అవతలి అంచుకు నడిచి ఇసుకలో నడుం వాల్చాను. నిద్ర పట్టేసింది.

లేచి వచ్చేసరికి పొయ్యి చల్లారి ఉంది. పడవ లేదు. ఇంకా ఎండ పోలేదు. ఎదుటి ఒడ్డున మావాళ్లు దిగుతూ కనిపించారు. గొంతు చించుకుని అరిచాను, తువ్వాల ఊపాను. పసుపు చొక్కాను బట్టి పోశాన్ని గుర్తుపట్టాను. వాడు ఇటు తిరిగి చూశాడు. చూసి, వెళ్లిపోయాడు.

నా కడుపు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

తెల్లారి చేపలు పట్టేవాళ్లు ఒడ్డుకు చేర్చారు. తిన్నగా పోశం ఇంటికి వెళ్లాను. "నన్ను ఇడిసిపెట్టి ఎట్ల వస్తివిరా?" అన్నాను.

వాడు గడపలోనే ఆగిపోయాడు. "ఏందన్న గట్లంటవు? పడవ ఎక్కినంక సర్దారు పేర్లు పిలిస్తె నువ్వు పలికితివి గద! నా ఎన్కనే కూసున్నవు. దీవిల ఎవలో తువ్వాల ఊపితే చూసిన. నువ్వు మాతోనే ఉంటివి గద, ఇంకెవలో అనుకున్న."

సర్దారూ అదే చెప్పాడు. మిగతావాళ్లూ అదే. నా మొహం చూశారా అని ఒక్కొక్కరినీ నిలదీశాను. ఎవరూ చూడలేదు. గొంతు మాత్రం అందరూ విన్నారు. పట్టపగలు, ఆరుబయట, గని అలవాటు మానలేదు మావాళ్లు! అంతా కలిసి అబద్ధం అల్లుకున్నారనే అనుకున్నాను.

మర్నాడు డ్యూటీలో సర్దారు పిలిచాడు. "ఓదెలు!"

"ఉన్న" అన్నాను.

అప్పుడు పోశం ఎవరూ చేయని పని చేశాడు. తలెత్తి, లైటు నేరుగా నా మొహం మీద పెట్టాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సర్దారు దగ్గరికి వెళ్లాడు.

"నాకు జోడీ మార్చు కాక. ఈ గొంతు మా ఓదెలన్నది గాదు. పడవల పలికినోడే మా అన్న."

తమాషా అనుకుని నవ్వబోయాను. వాడు అప్పటికే పార తీసుకుని అవతలివాళ్ల వైపు నడిచాడు.

జోడీ మార్చారు. ఎదురుపడితే తప్పుకుని పోయేవాడు. చచ్చేదాకా నన్ను అన్నా అని పిలవలేదు.

దీవిలో వదిలేసినందుకు వాణ్ని ఎప్పుడో క్షమించాను. ఎదురుగా నిలబడ్డ నన్ను కాదన్నందుకు మాత్రం క్షమించలేకపోయాను. ఆ రోజు పడవలో పలికింది ఎవరో నాకిప్పటికీ అంతుబట్టలేదు. నా తమ్ముణ్ని మాత్రం ఆ పలికినవాడే తీసుకుపోయాడు.