లాగి చూసే మనిషి

ప్రత్తిపాడు దగ్గర నూలుమిల్లులో నేను స్టోర్ కీపర్‌గా ఉన్నప్పుడు అక్కడో ఎలక్ట్రీషియన్ ఉండేవాడు, చీరాల సాయిబు. ఏది బిగించినా రెండు వేళ్ళతో లాగి చూడనిదే వదిలేవాడు కాదు.

మిషన్లను కంప్యూటర్‌కు కలుపుతూ అప్పుడే కొత్త కేబుళ్ళు వేశారు. నెల తిరక్కుండానే మిషన్లు మాటిమాటికీ ఆగిపోసాగాయి.

“ఊడ్చే ఆవిడ చీపురు తగిలించి వైర్లు పీకేస్తోంది. రేపట్నుంచి రావద్దని చెప్పండి” అన్నాడు మేనేజరు, ఆవిడ ఎదుటే. డిగ్రీలున్న పెద్దమనుషులకు తప్పెప్పుడూ చీపురు పట్టిన చేతిలోనే కనబడుతుంది!

ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి, ఏ చీపురూ అందని ఎత్తులో, కేబుల్ చివరనున్న కనెక్టర్‌ను లాగాడు. ఊడి చేతిలోకి వచ్చింది.

“ఇది ఊరికే తిప్పి బిగించే రకమండీ. మిషను అదురుకి వదులైపోద్ది. టూలుతో నొక్కి బిగించేవి తెప్పించమని ముందే చెప్పా.”

చెప్పింది నాకే. ఇంగ్లీషు క్యాటలాగు సొంతంగా చదవగలనన్న పొగరుతో, రెండూ ఒకటేనని తేల్చేసి ఈ రకం తెప్పించిందీ నేనే.

అతను నా పేరెత్తలేదు. నిచ్చెన మీదే ఆగి ఎదురుచూశాడు.

“తప్పు నాదండీ” అన్నాను.

మేనేజరు నోరు తెరిచేలోపే అతను ఆవిడతో అన్నాడు: “రేపు మామూలుగానే వచ్చెయ్ పిన్నీ.”