అల్లూరు తీరాన మిలిటరీ వాళ్లకు ఇల్లు వెతికిన రోజు

బర్మా నుంచి వెళ్లగొట్టిన తెలుగువాళ్ల గురించి నేనొక మాసపత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాశాను. అచ్చులో చూసుకుని, ఒక పని అయిందనుకున్నాను. వారం తిరక్కుండా నెల్లూరులో మా ఇంటి అరుగు మీద ఆ పత్రిక మడిచి పట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఖాకీ నిక్కరు, గోళ్ల సందుల్లో వదలని గ్రీజు. పేరు పెంచలయ్య. రంగూన్‌లో పుట్టి, ఆ దేశపు సైన్యంలో పదిహేనేళ్లు ట్రక్కులు మరమ్మతు చేసి, మన లెక్కలో హవల్దారు దాకా ఎదిగినవాడు. భార్య నీలా బర్మా మనిషి, అక్కడి మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరినీ ఒకే వారంలో ఉద్యోగాల్లోంచి తీసి ఓడెక్కించారు. ఆమెకు ఇది పరదేశం. నిజానికి ఆయనకూ పరదేశమే. అల్లూరు తాలూకా అనేది అమ్మానాన్నలు చెప్పగా విన్నాడు, చూడలేదు. కానీ ఆయన మాట్లాడే నెల్లూరు తెలుగు నాకంటే నిక్కమైనది.

వ్యాసం బాగుందని మెచ్చుకుని, వెంటనే అడిగాడు: "ఇంత రాసినారు గదన్నా. మాకొక ఇల్లు చూపించండి."

సంగతి ఇది. అల్లూరులో ఒక రైసు మిల్లు యజమాని, కోతలకు ముందే ఇంజను నడిపేవాడు కావాలని, పెంచలయ్య చేతి పని చూసి ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు: సోమవారానికల్లా దగ్గర్లో కాపురం పెట్టాలి. ఇంజను తెల్లవారకముందే తిప్పాలి కాబట్టి నెల్లూరు నుంచి వచ్చిపోయేవాడు పనికిరాడు. ఇల్లు దొరికితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆ దేశం పదిహేనేళ్లు పని చేయించుకుని 'నువ్వు పరాయివాడివి' అంది. ఈ దేశం మద్రాసు రేవులో స్వాగతం అని గుడ్డ కట్టి, బయటికి రాగానే 'మీరెవరు?' అంది. నా ఒళ్లు మండింది. నేనూ వస్తానన్నాను. ఆయన నన్ను రమ్మనలేదు. ఇప్పుడు తలచుకుంటే అది గుర్తుకొస్తోంది.

శనివారం పొద్దున ఆరింటి బస్సెక్కాం. నెల్లూరు నుంచి అల్లూరుకు తలకు ముప్పావలా, దారిలో ఆగుతూ పోతే రెండు గంటల ప్రయాణం. ఎడమవైపు కూర్చోండి, పెన్న దాటేటప్పుడు ఇసుకలో పాయలు కనిపిస్తాయి. కోవూరు దాటి పెద్దరోడ్డు వదిలి తూర్పుకు తిరిగాక రెండు పక్కలా వరే. కోతలకింకా నెలుంది, కంకి బరువుకు వంగి పసుపు తిరుగుతోంది. నీలా చీర కట్టుకుంది, కొంగు జారకుండా ఆసుపత్రి పిన్నీసులు పెట్టుకుంది. లుంగీ కట్టుకునే వచ్చి ఉండాల్సిందని, మన మెప్పు కోసం మారనక్కర్లేదని ఆమెకు దారి పొడుగునా ఉపన్యాసం ఇచ్చాను. ఆమె నవ్వి, అత్త దగ్గర నేర్చుకున్న తెలుగులో, చీర అయితే బస్సులో ఎవరూ చూడరని చెప్పింది. ఆమె చెప్పింది నిజం. ఎవరూ చూడలేదు.

అల్లూరులో దిగి ఒక పూరి కప్పు హోటల్లో ఇడ్లీ తిన్నాం. ముగ్గురికీ కాఫీతో కలిపి రూపాయి లోపే. చట్నీ ఘాటు, అలవాటు లేనివాళ్లు జాగ్రత్త. వంటాయన పొయ్యి దగ్గర్నుంచే "ఎవురు మనం?" అని అడిగాడు. మన వైపు ఆ ప్రశ్నకు అర్థం ఒకటే. పెంచలయ్య తొణక్కుండా "మిలిటరీ" అన్నాడు. వంటాయన ఇంకో గరిటె సాంబారు పోసి, మిలిటరీ వాళ్లకైతే ఇడ్లీ చాలదని, దోసె వెయ్యనా అని అడిగాడు. నాకు అక్కడే చిరాకు మొదలైంది. మిలిటరీ అనేది ఒక కులమా? అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు, మధ్యలో ఒక తెర వేసుకుని ఇద్దరూ మర్యాదగా ఉంటారు. ఈ తెరలే మనల్ని ఇంతకాలం కుళ్లబెట్టాయని నేను అక్కడే చెప్పబోయాను. పెంచలయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు.

పదింటిలోగా మూడు ఇళ్లు అడిగాం. ఒకాయన కూతురు పురిటికి వస్తోందన్నాడు. ఒకాయన గోడకు సున్నం వేయించాలన్నాడు, గోడ తెల్లగా మెరుస్తోంది. మూడో ఆయన నన్ను పక్కకు పిలిచి, మీరైతే ఇస్తాను సార్, అన్నాడు. నేను ఆయనతో వీధిలోనే వాదించాను. పావుగంట వాదించి గెలిచాను కూడా. ఆయన దగ్గర జవాబు లేదు. ఇల్లూ లేదు.

బస్టాండు దగ్గర జట్కా తోలే మస్తాన్ ఇదంతా చూస్తున్నాడు. కాలువ దాటాక సముద్రం వైపు ఒక ఊరుందని, అక్కడ రమణమ్మ అనే పెద్దావిడ ఇల్లు ఖాళీగా ఉందని చెప్పాడు. మిల్లుకు మూడు మైళ్లు, సైకిలుంటే సరిపోతుంది. రాను పోను రెండున్నర అడిగి రెండు రూపాయలకు దిగాడు. ఊరి పేరు నేను రాయను. రాస్తే ఆ ఊరొక్కటే అలాంటిదని మీరు తృప్తి పడతారు.

కాలువ దాకా మట్టిరోడ్డు, తర్వాత ఇసుక. బండి దిగి నడవాల్సిందే. కాలువలో సరుగుడు కట్టెల పడవ ఒకటి పోతోంది, ఇద్దరు గట్టు మీద నడుస్తూ తాడు లాగుతున్నారు. నీలా ఆగి చూసింది. తమ ఊళ్లోనూ ఇలాగే లాగుతారంది. మస్తాన్ నా పక్కన నడుస్తూ, ఆ పెద్దమ్మ మంచిదని చెప్పి, గొంతు తగ్గించి ఒక మాటన్నాడు: "సామీ, అడిగిందానికే చెప్పండి. అడగందే ఏదీ చెప్పబాకండి." అది పెంచలయ్య కోసం చెప్పిన మాట అనుకున్నాను, నాకని అనుకోలేదు.

రమణమ్మ రైతు కుటుంబపు విధవ, అరవై ఉంటాయి. పదెకరాల మాగాణి తనే చేయించుకుంటుంది. ఆవిడ మమ్మల్ని కాదు, నీలాను చూసింది. చేతులు తిప్పి చూసింది. సూది వేయడం వచ్చా అని అడిగింది, పురుడు పోయడం వచ్చా అని అడిగింది. పోయిన వానాకాలంలో కాలువ పొంగి అల్లూరు నుంచి నర్సు రాలేక తన కోడలి బిడ్డ దక్కలేదని, ఎవరికో జరిగినట్టు చెప్పింది. తర్వాత పెంచలయ్య వైపు తిరిగి, "మీరు?" అంది.

"మిలిటరీ అమ్మా."

"అయితే సరే," అంది రమణమ్మ. ఇంకేం అడగలేదు. అద్దె ఎనిమిది రూపాయలు.

రెండు గదులు, పెంకుల కప్పు, ముందు వరండా, వెనక మంచినీళ్ల బావి. సముద్రపు గాలి నేరుగా వంటగది కిటికీలోంచి వస్తుంది. రమణమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి నీలా చేతిలో పెట్టింది. నీలా దాన్ని కళ్లకద్దుకుని, లోపల మూలనున్న పొరక తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది. అప్పటికి మేమొచ్చి అరగంట కాలేదు. ముందు గది ఊడ్చి, బావిలో తోడి నీళ్లు చల్లి, పొరకతో రెండో గదిలోకి వెళ్లింది. పెంచలయ్య కిటికీ రెక్క బందు సరిచేస్తూ, గోడకు ఎక్కడ అలమర కొట్టాలో కొలుస్తున్నాడు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు బర్మా భాషలో నవ్వుతూ మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

అప్పుడు రమణమ్మ మరిది వచ్చాడు. పొలం నుంచి వస్తూ వరండా ముందు ఆగి, ఎవరు వీళ్లన్నాడు. మిలిటరీ వాళ్లని, ఆమె సూదులేస్తుందని రమణమ్మ చెప్పింది. "మంచిదేలే వదినా," అని ఆయన వెళ్లబోయాడు.

ఆయన నాలుగడుగులు వేస్తే అయిపోయేది. నేను ఆపాను.

"ఆగండి. మిలిటరీ అనేది కులం కాదు. ఈయన అమ్మానాన్నలు ఈ తాలూకా మాలవాడలోంచే రంగూన్ పోయారు. అది తెలిసే ఇల్లివ్వండి. తెలియనట్టు ఇస్తే అది ఇవ్వడం కాదు."

నేను ఇంకా మాట్లాడాను. రాజ్యాంగం గురించి మాట్లాడాను. నా గొంతు బాగుందని కూడా అనిపించింది. లోపల పొరక చప్పుడు ఆగిపోయింది.

మరిది అరవలేదు, కోప్పడలేదు. తలపాగా తీసి దులుపుకుని, రమణమ్మతో నెమ్మదిగా అన్నాడు: "ఇప్పుడు విన్నాను గదా వదినా. ఊరు అడిగితే వినలేదని ఎట్ట చెప్పేది?" వెళ్లిపోయాడు.

రమణమ్మ నా వైపు చూసిన చూపు మీకు చెప్పలేను. "నేనడిగినానా అయ్యా? వాళ్ల నాయన పేరు అడిగుంటే నాకు తెలవదా? అందుకే అడగలా. నువ్వెందుకు చెప్పినావు?"

ఆవిడ తాళంచెవి అడగలేదు. నీలాయే బయటికొచ్చి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. కాళ్లకు తడి మట్టి అంటుకుని ఉంది.

గుర్రానికి కాసేపు నీడ కావాలన్నాడు మస్తాన్. ఒడ్డు అర మైలే. సరుగుడు తోపు దాటితే తెల్లటి ఇసుక, ఆరేసిన వలలు, మనిషి లేడు. ఈ తీరం చాలా అందంగా ఉంటుంది, నేను కాదనను. నీలా అలల్లో కాళ్లు కడుక్కుంది. ఆ బావి నీళ్లు తియ్యగా ఉన్నాయని మస్తాన్‌తో అంది, అంతే. నేను పెంచలయ్యకు వివరించబోయాను: అబద్ధం మీద నిలిచే ఇల్లు ఎన్నాళ్లని, ఎవరో ఒకరు ఒకరోజు...

"అన్నా," అన్నాడు పెంచలయ్య. ఆయన గొంతు పెంచలేదు. "మా నాయన ఆ మాట పడలేకనే ఓడెక్కినాడు. నేను దిగినాక ఇంతమంది ఇల్లు లేదన్నారు గానీ, ఆ మాట నోటితో అన్నది నువ్వొకడివే."

అయిదున్నరకు అల్లూరు నుంచి ఆఖరి బస్సు. ముగ్గురం వేరు వేరు సీట్లలో కూర్చున్నాం. సోమవారం మిల్లు యజమాని దగ్గరికి ఒక్కణ్నే వెళ్లి వాదించాను. ఆయన అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నాడు. ఆ శుక్రవారం వాళ్లు విశాఖ వైపు రైలెక్కారు; అక్కడ బర్మావాళ్లకు పాకలు వేస్తున్నారట. స్టేషన్‌కు వెళ్లాను. నీలా నాకు దణ్ణం పెట్టింది. ఉత్తరం రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

మీలో కొందరు నా పక్షాన వాదిస్తారని తెలుసు. కులం దాచుకుని బతకమనడం కులానికి సలాం కొట్టడమేనని అంటారు. నేనూ ఇరవయ్యేళ్లుగా అదే రాస్తున్నాను, ఇవాళా కాదనను. చూడనట్టు నటిస్తే తప్ప మనిషికి నీడ ఇవ్వలేని ఊరు సిగ్గుపడాలి. ఆ మరిది సిగ్గుపడాలి, సున్నం గోడాయన సిగ్గుపడాలి. కానీ ఆ ఊరు తన పిరికితనంలోనే ఒక సందు ఉంచుకుంది, ఆ సందులోంచి ఇద్దరు మనుషులు లోపలికి పోయి ఇల్లు ఊడ్చుకుంటున్నారు. దాన్ని మూసింది ఊరు కాదు. నా మాట సత్యమే, దాని మూల్యం మాత్రం నాది కాదు. ఆ రాత్రి నేను మా ఇంట్లోనే పడుకున్నాను. మా ఇంట్లోనూ వెనక ఒక గది ఖాళీగా ఉంది. దాంట్లో పత్రికల కట్టలుంటాయి. వారం రోజులూ ఆ గది నాకు గుర్తుకు రాలేదు.

ఆ దారిన పోదలిచినవాళ్లకు ఒక్క సలహా. మాఘంలో వెళ్లండి, ఇసుక కాలదు, కాలువ నిండుగా ఉంటుంది. ఇంకొకరి పని మీద వాళ్ల వెంట పోతుంటే మాత్రం, బస్సు దిగకముందే వాళ్లను అడగండి: ఏం మాట్లాడమంటారు, ఎక్కడ ఊరుకోమంటారు అని. నెల్లూరు నుంచి అల్లూరుకు రెండు గంటలు పడుతుంది. అడగడానికి ఆ సమయం చాలు, మిగులుతుంది కూడా.