దొర ఇసుక తొట్టి

ఆ వీధిలో కాజాల పిన్నికి ఇంకో పేరు లేదు. చొక్కాలకు కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, అంచులు మడిచి దుకాణాలకు ఇస్తుంది. గది మూలనున్న కుట్టు మిషను భర్తది. ఆయన పోయి ఏడాదైంది. దాన్నెందుకు తొక్కవని ఎవరైనా అడిగితే, "పెడలు మీద దొర పడుకుంటాడు కదా, లేపడం దేనికి" అంటుంది. దొర అంటే ఆయన ఒక వానాకాలంలో చొక్కా జేబులో వేసుకుని తెచ్చిన బూడిదరంగు పిల్లి. ఇప్పుడు జేబులో పట్టే రకం కాదు, బాగా బలిసిన మగపిల్లి.

ముందు వాటాలో బావగారి, అంటే భర్త అన్నగారి కాపురం. ముప్పై ఏళ్లు ఏదో ఆఫీసులో సామాన్ల గది తాళాలు మోసి రిటైరైన మనిషి. ఆ గదిలో సామాన్లతో పాటు లోకంలోని తెలివంతా తన చేతికే అప్పగించారని ఆయన నమ్మకం. ఎవరు తుమ్మినా కారణం చెబుతారు, అడిగే శ్రమ కూడా ఇవ్వరు. దొర ఇసుక తొట్టి వైపు మాత్రం ఏనాడూ తొంగి చూడలేదు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని పక్కనుంచి పోతూ, "పిల్లికి శుభ్రత ఎక్కువమ్మా, దాని పని అదే చూసుకుంటుంది" అనేవారు. చూసుకునేది పిన్ని. రోజూ పొద్దున్నే చిల్లుల గరిటెతో ఇసుక జల్లించేది. ఉచ్చ తడికి గడ్డకట్టిన ముద్దలు మూడు, గట్టిది ఒకటి. బొత్తాలు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టి కవర్లో వేసేది. ఒకటి తగ్గితే ఆ రోజు నీళ్ల గిన్నె ఇంకోటి పెట్టేది.

చెల్లెలికి ఆపరేషనైతే ఆస్పత్రిలో తోడుండటానికి ఒక రోజు వెళ్లాల్సి వచ్చింది. తొట్టి పని సాయంత్రం బావగారి కోడలికి, పొద్దున తోడికోడలికి అప్పజెప్పింది.

"తీసినవి ఈ కొత్త కవర్లో వెయ్యండి అక్కయ్యా."

"పిల్లి పెంట ఎత్తడానికి కూడా నువ్వు పాఠం చెప్పాలా నాకు?" అంది తోడికోడలు.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని తిరిగొచ్చేసరికి దొర పెడలు మీద లేడు. తొట్టిలో కూర్చుని ఉన్నాడు. లేచాడు, రెండడుగులు వేసి మళ్లీ కూర్చున్నాడు. గొంతులోంచి సన్నని మూలుగు. మూతికి జిడ్డు.

"మలబద్ధకం," అన్నారు బావగారు పడక కుర్చీలోంచి. "పొద్దుట్నుంచీ ముక్కుతున్నాడు. ఇప్పుడే రెండు చెంచాల ఆముదం పోశాను. గంటలో చూడు."

పిన్ని తొట్టి చూసింది. ఇసుక నిండా గోకిన గుంటలు. ముద్ద ఒక్కటీ లేదు.

"ఎవరు తీశారు?"

"పొద్దున నేను చూసేసరికే అద్దంలా ఉంది," అంది తోడికోడలు. "రాత్రే తీసి పడుకుంది మా కోడలు. పిల్లకి బాధ్యత వచ్చిందని మెచ్చుకున్నాను కూడా."

ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాలుగేళ్లలో ఆ పిల్లకు దక్కిన మొదటి మెప్పు అది. ఎలా కాదంటుంది? ఇప్పుడు మాత్రం చున్నీ కొస మెలిపెడుతూ, "నేను తియ్యలేదు చిన్నత్తయ్యా. సాయంత్రం శుభ్రంగానే ఉంది. అత్తయ్య ముందే తీసేశారనుకున్నాను" అంది.

పిన్ని కవరు చూసింది. తాను తగిలించిన మేకుకే, తాను పెట్టిన మడతతోనే వేలాడుతోంది. చెయ్యని పనికి ఒకరు మెచ్చుకున్నారు, ఒకరు మెప్పించుకున్నారు, ఒకరు వైద్యం చేశారు. నిన్న పొద్దున తాను జల్లించినప్పట్నుంచీ పిల్లి చుక్క పొయ్యలేదన్న సంగతి మాత్రం ముగ్గురికీ పట్టలేదు.

"ఇది మలబద్ధకం కాదు బావగారూ. ఉచ్చ ఆగింది."

"నీకెలా తెలుసు? నేను ఫోన్లో చదివాను."

"నేను తొట్టి చదివాను," అని, దొరను కూరల బుట్టలో పెట్టి, భర్త పాత చొక్కా కప్పి, ఆటో ఎక్కింది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆమె చొక్కా మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

పశువుల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి మొహం చిట్లించింది. "నిమ్మకాయంతే ఉండి మెత్తగా ఉండాల్సిన మూత్రపు సంచి బత్తాయిలా బిగుసుకుపోయింది. మగపిల్లులకు దారి సన్నం, ఇసుకరేణువంత రాయి అడ్డంపడినా చాలు మూసుకుపోతుంది. కూర్చుని ముక్కితే అంతా మలబద్ధకమే అనుకుంటారు. ఈ నూనె ఎవరు పోశారు?"

"ఇంట్లో పెద్దవాళ్లు."

"ఆ పెద్దాయన్ని ఒకసారి ఇక్కడికి పంపండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో రోగం. రేపటిదాకా ఆగి ఉంటే తెచ్చేపనే ఉండేది కాదు."

గొట్టం వేసి ఉచ్చ తీశారు. రెండు రోజులు అక్కడే ఉంచుకున్నారు. పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: ఇంటికెళ్లాక తనంతట తాను పోస్తేనే బతికినట్టు, అరపూట పొయ్యకపోతే వెంటనే తీసుకురావాలి.

పిన్ని తొట్టిని తన గదిలోకి, మిషను పక్కకు జరుపుకుంది. కాజా ఒకటి కుట్టడం, తొట్టి వైపు చూడటం. వాకిట్లోనుంచి బావగారి గొంతు వినబడుతోంది. పక్కింటాయనకు చెబుతున్నారు: "మగపిల్లి ముక్కిందంటే మలబద్ధకం అనుకుంటారండీ తెలివితక్కువ జనం. నేను చూడగానే అనుమానపడ్డాను."

కాసేపటికి గుమ్మం దగ్గరకొచ్చారు, తువ్వాలు ముక్కుకు పెట్టుకుని. "ఏమ్మా, ఏమైనా పోశాడా? లెక్క చూసి చెప్పు, నేను డాక్టరమ్మకి ఫోన్ చేస్తా."

పిన్ని మేకున ఉన్న గరిటె తీసి ఆయన ముందు చాపింది. ఆయన గరిటె వైపు చూశారు, తొట్టి వైపు చూశారు. ఎవరో పిలిచినట్టు వీధిలోకి వెళ్లిపోయారు. వీధిలో ఎవరూ లేరు.

ఆమె వెనక ఇసుక గోకిన చప్పుడైంది. తిరిగి చూడకుండా, చేతిలో సూది ఆపి, చెవి అటు పెట్టింది. చాలాసేపటికి దొర తొట్టి దిగి, కాళ్లు విదిలించుకుని, పెడలు ఎక్కి పడుకున్నాడు. అప్పుడు వంగి జల్లించింది. గరిటెలో కోడిగుడ్డంత ముద్ద.

ఒకటి, అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. రోజుకు మూడింట్లో మిగతా రెండింటి కోసం చూస్తూ, ఇంకో చొక్కా ఒళ్లోకి తీసుకుంది.