సరంగు గారబ్బాయి కారు

2003 జనవరిలో నన్ను అమలాపురం కార్యాలయానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. అది ప్రభుత్వం ఇచ్చిన హోదా. జనం మాత్రం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టరనే అంటారు. సర్వీసంతా ఇంజన్లు, లైట్లు, పర్మిట్లు, లైసెన్సులు ఎన్ని చూసినా వాళ్ళకి గుర్తుండేది బ్రేకు ఒక్కటే. మొదట్లో ఆ పిలుపు వింటే చిరాకేసేది. తర్వాత అలవాటైపోయింది.

ఆ ఏడాది వేసవిలో ఊళ్ళో ఎముకల డాక్టరుగారు ఒకాయన నా దగ్గరికి వచ్చారు. ఆయనకి కార్ల పిచ్చి. నలుగురైదుగురు కుర్రాళ్ళని పోగేసి స్ప్రింటు పోటీ పెడదామని ఆయన ఆలోచన. ఎముకల డాక్టరే పోటీలు పెడితే ఇంకేం, గిరాకీ ఆయనే తయారు చేసుకుంటున్నాడని మా ఆఫీసులో వాళ్ళు నవ్వుకున్నారు. స్ప్రింటంటే పది కార్లు ఒకేసారి ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తే రేసు కాదు. రోడ్డు మూసేస్తారు. ఒక్కో కారూ ఒంటరిగా, నిలబడ్డ చోటి నుంచి బయలుదేరి గడియారంతో పోటీ పడుతుంది. అదే పోటీ కొండదారిలో పైకి పెడితే హిల్ క్లైంబు అంటారు. కోనసీమలో ఎత్తయిన చోటంటే ఏటిగట్టే కాబట్టి ఇక్కడ స్ప్రింటు పెట్టి, బాగా తోలినవాళ్ళని తర్వాత మారేడుమిల్లి ఘాట్‌కి తీసుకెళ్ళాలన్నది డాక్టరుగారి పథకం.

అనుమతులన్నీ ఆయనే తెచ్చుకున్నారు. నా పై అధికారి అనుమతితో, సెలవురోజున, జీతం భత్యం లేకుండా నేను సాంకేతిక తనిఖీకి ఒప్పుకున్నాను. కారు పోటీకి పనికొస్తుందో లేదో తేల్చేవాడి మాటకి అప్పీలు ఉండదు. ఆ షరతు పెట్టింది నేనే. ఎందుకంటే మేము ఎంచుకున్న గట్టు రోడ్డు చివర మలుపు ఉంది, మలుపు దాటగానే నీళ్ళని ఆపే లాకులు, ఆ పక్కనే కాలువ. గమ్యం గీత దాటాక కారు ఆగడానికి ఉన్న జాగా తక్కువ. అక్కడ బ్రేకు పట్టకపోతే ఇక మాట్లాడుకోవడానికేమీ ఉండదు.

వచ్చిన కార్లలో నా మనసుకి నచ్చింది నాగేశ్వరరావు కారు. అందరూ నాగేశు అనేవారు. మురమళ్ళ దగ్గరి కుర్రాడు, పెళ్ళయి ఇద్దరు పిల్లలు. మస్కట్‌లో ఆరేళ్ళుగా మెకానిక్కు. వాళ్ళ గ్యారేజీలో హిల్ క్లైంబు కార్లు తయారు చేసేవారట. చక్రాలు బిగించింది ఇతను, తోలింది ఇంకొకరు. ఒక్కసారైనా తను తోలాలని రెండేళ్ళు ఓపికపట్టి, సెలవు మీద వచ్చి, ఎనిమిదివందల సీసీ పాత కారొకటి కొని తనే సిద్ధం చేసుకున్నాడు. పోటీ ఆదివారం. మర్నాడు రాత్రికే అతని తిరుగు ప్రయాణం.

అతని తండ్రి గారు గోదావరి మీద లాంచీ సరంగు, అంటే లాంచీ నడిపే పెద్ద. ఊరంతా సరంగు గారనే పిలుస్తారు. ఈ పందెం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. కారు ఇంటికొచ్చిన రోజు నుంచీ కొడుకుతో మాటలు లేవని నాగేశే నాతో చెప్పాడు. "పెళ్ళాంబిడ్డలున్నోడివి, పీకల మీదికెందుకురా అన్నారండి. అంతే, తర్వాత నోరిప్పలేదండి ఆయన" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని మొహం చూస్తే నాకు జాలేసింది.

శనివారం మా కార్యాలయం మైదానంలో తనిఖీ చేశాను. కారుని జాకీ మీద లేపి చక్రాల వదులు చూడటం, స్టీరింగు కీళ్ళు, బ్రేకు నూనె మట్టం, బ్యాటరీ కట్టు, యాక్సిలరేటరు వదిలితే వెనక్కి లాగే స్ప్రింగు, లోపల కదిలే వస్తువులేమీ లేకుండా చూడటం, ఇదీ వరస. తర్వాత మైదానంలో తోలించి బ్రేకు పరీక్ష. నాగేశు కారు ఇలా తొక్కగానే అలా నిలబడింది. స్టిక్కరు అంటించి, ఇంక దీన్ని ఏమీ కదపొద్దని అతనికి చెప్పాను. అలవాటు కొద్దీ చెప్పిన మాటే. ఆయ్, అలాగేనండి అన్నాడు.

ఆదివారం ఉదయం గట్టు మీద తిరునాళ్ళలా జనం. బయలుదేరే గీత దగ్గర ప్రతి కారునీ నాలుగడుగులు తోలించి మళ్ళీ బ్రేకు తొక్కించడం నా పద్ధతి. నాగేశు తొక్కాడు. కారు ఆగలేదు, జారింది. ముందు చక్రాలు పట్టాయి, వెనకవి ఊరికే తిరుగుతున్నాయి. కిందికి వంగి వెనక చక్రం లోపలివైపు చెయ్యి పెట్టాను. వేళ్ళకి నూనె. రెండో పక్కా అంతే.

ఆ కార్లలో వెనక బ్రేకు డ్రమ్ములో ఉంటుంది. డ్రమ్ము వెనక రేకుకి చిన్న రంధ్రం, దానికి రబ్బరు బిళ్ళ. డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనింగు లోపల ఎంత అరిగిందో చూసుకోవడానికి పెట్టిన కిటికీ అది. దాంట్లో ఎవరో శుభ్రంగా నూనె పోశారు.

ఎవరు పోశారని నాగేశుని అడిగాను. అతను నాకేసి చూడలేదు. జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడ్డ తండ్రి వైపు చూశాడు. నెల రోజులుగా పలకని మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొదటి వరసలో, నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆ తెల్ల చొక్కా మోచేతి దగ్గర నల్లగా నూనె మరక.

"నేనే పోసేనండి" అన్నాడు నాగేశు.

ఆరేళ్ళు మెకానిక్కుగా చేసినవాడు అక్కడ నూనె పొయ్యడు. అతను అబద్ధం ఆడుతున్నాడనీ, ఎవరి కోసమో కూడా నాకు తెలుసు. లైనింగులు నూనె తాగేశాక తుడిస్తే లాభం లేదు, కొత్తవి వెయ్యాల్సిందే. ఆదివారం షాపులు లేవు, రోడ్డు అనుమతి మధ్యాహ్నం దాకానే. ఇదంతా నాకంటే అతనికే బాగా తెలుసు కాబట్టి బతిమాలలేదు. "మా నాన్నకి మాత్రం తెలియనివ్వకండి" అని మెల్లిగా అన్నాడు. స్టిక్కరు చింపేశాను. సాంకేతిక కారణమని మాత్రం డాక్టరుగారికి చెప్పాను. కారుని తోసుకుంటూ పక్కకి తీసుకుపోయారు. సరంగు గారు పరుగున వచ్చి తనూ ఒక చెయ్యి వేశారు. నేను చూడలేక అటు తిరిగిపోయాను.

పది రోజుల తర్వాత ఆయన మా కార్యాలయానికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మావాడు వెళ్ళిపోయేడండి. పెట్రోలు తేడా అని చెప్పి వెళ్ళేడు. నేను లాంచీ ఇంజన్లతో బతికినోణ్ణి, పెట్రోలు తేడా అయితే నాకు తెలీదాండి? ఆ బండిలో ఏ లోపమూ లేదు. ఆ పొద్దున్న నేనే కింద దూరి, బిళ్ళ ఉన్న చోటల్లా ఊడదీసి నూనె పోసేను. మీరు కావాలనే ఆపేరు" అన్నారు.

నేను ఊరుకోవచ్చు. అవును, కావాలనే ఆపానని ఒప్పేసుకున్నా నాకు పోయేదేమీ లేదు. మా ఉద్యోగంలో తిట్లు కొత్తా? కానీ ఆయన ఇంకో మాట అన్నారు. సోమవారం కొడుకు వెళ్ళేముందు చక్రాలు విప్పి ఏవో మార్చి వెళ్ళాడట. తను మళ్ళీ నూనె పోసి సిద్ధంగా ఉంచారట. వచ్చే ఆదివారం కోడల్నీ పిల్లల్నీ ఎక్కించుకుని, డ్రైవరుని పెట్టుకుని ద్రాక్షారామం వెళ్తున్నారట.

ఇక చెప్పక తప్పలేదు. కాగితం మీద డ్రమ్ము బొమ్మ గీసి, ఆ రంధ్రం ఎందుకుందో, నూనె పడితే ఏమవుతుందో చెప్పాను. ఆయన బొమ్మలోని రంధ్రం మీద వేలు పెట్టారు.

"మా లాంచీలో మూతున్న చోటల్లా నూనె పడాలండి. పడకపోతే ఏటి మధ్యలో నిలబడిపోద్ది" అన్నారు. "అయితే ఆపింది మీరు కాదన్నమాట" అని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ప్రయాణం మానుకుని మెకానిక్కుని పిలిపించారని తర్వాత తెలిసింది.

రెండేళ్ళకి నాగేశు మళ్ళీ సెలవు మీద వచ్చాడు. అప్పటికి మా స్ప్రింటు కాస్త నిలదొక్కుకుంది. పేరు ఇమ్మని అడగడానికి డాక్టరుగారితో పాటు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. అతను మా ఇద్దరికీ కాఫీలిప్పించి, తోలనని చెప్పాడు. నాన్న వద్దంటున్నారా అని డాక్టరుగారు అడిగారు.

"లేదండి. వెళ్ళమనే అంటున్నారు. కానీ బండి దగ్గరికి రావట్లేదండి ఆయన. నేను బోనెట్టు ఎత్తితే లేచి వీధిలోకి వెళ్ళిపోతున్నారు. ఇంక నేనెవరి ముందు తోలాలండి?" అన్నాడు.

డాక్టరుగారు పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నాగేశు దగ్గర మంచి పోటీ కారు ఉంది, మంచి చెయ్యి ఉంది. పోటీలో ఒక్కసారీ తోలకుండానే ఆ కారు అమ్మేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. కారు ఆపినందుకు కాదు, ఇప్పుడైనా ఆపుతాను. సరంగు గారికి నిజం చెప్పినందుకూ కాదు. చెప్పకపోతే ఆ పిల్లలు ఎక్కే బండి అది.

తర్వాత మా తనిఖీలో ఒక పద్ధతి మార్చాను. స్టిక్కరు అంటించేముందు డ్రైవరొక్కణ్ణే కాదు, ఇంట్లో ఆ కారు మీద చెయ్యి వేసేవాళ్ళందర్నీ పిలిపించి, ఏది ముట్టుకోవచ్చో ఏది కూడదో కింద దూరి మరీ చూపించేవాణ్ణి. పావుగంట పని. అది ఆ శనివారమే చేసి ఉంటే, ఆదివారం పొద్దున్న సరంగు గారు ఇంజను మీద దుమ్ము తుడిచి ఊరుకునేవారు.